నల్ల అలమార అసలు రంగు

నా చిన్నప్పుడు మా వంటింట్లో నల్ల అలమార ఒకటి ఉండేది. ఇంటిల్లిపాదీ దాన్ని అలాగే పిలిచేవాళ్లం. "నల్ల అలమారలోంచి చింతపండు తే" అంటే పరుగెత్తుకెళ్లి తెచ్చేదాన్ని. అది పుట్టుకతోనే నలుపని నా నమ్మకం. పక్కనే పొయ్యి ఉండటంతో, ఏళ్ల తరబడి తాలింపు పొగా నూనె తుంపరలూ దాని తలుపుల మీదే పేరుకుని గట్టిపడ్డాయి. తలుపు తీయబోతే చెయ్యి అతుక్కుపోయేది. బొద్దింకలు కూడా దాని మీద నెమ్మదిగానే నడిచేవి.

మాది నూజివీడు పక్కన మామిడి తోటల ఊరు. ఎనభైల మొదట్లో, నాకు పదేళ్లున్న ఏడాది, కాయల కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో మా నానమ్మకి ఒక పంతం పట్టింది. బాపులపాడులో మా మేనత్త ఇంట్లో నిగనిగలాడే కొత్త అలమార తలుపులు చూసొచ్చి, మనింట్లోనూ అలాంటివే ఉండాలంది. మా నాన్న ఊరందరితో వాదిస్తాడు గానీ వాళ్లమ్మ మాట మాత్రం జవదాటడు. హనుమాన్ జంక్షన్ నుంచి వడ్రంగిని ఎల్లుండి రమ్మని కబురు చేశాడు. పాత తలుపులు రెండూ బందులు ఊడదీసి, తెచ్చి పెరట్లో గోడకి ఆనించాడు. వీటినేం చేద్దామని అడిగితే నానమ్మ, "కాగు కింద పెట్టుకుందాంలేరా, నాలుగు రోజులు నీళ్లు కాగుతాయి" అంది.

ఆ తలుపులు ఉంగుటూరులో అమ్మ వాళ్ల నాన్న, అంటే మా తాతయ్య, పోవడానికి ఏడాది ముందు దగ్గర కూర్చుని చేయించి, కూతురి కొత్త వంటింటికని బండి మీద పంపినవి. ఆయన గుర్తుగా అమ్మకి మిగిలినవి అవే. అమ్మ వాటి ముందు కాసేపు నిలబడి, ఒక అంచుని కొంగుతో తుడిచి, లోపలికి వెళ్లిపోయింది. అది చూసి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నాకు ముక్కు మీదే కోపం, ఇప్పుడూ పెద్దగా తగ్గలేదు. ఆ తలుపులు నేనే తోమి, నానమ్మ నోరు మూయించాలనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బకెట్టు నిండా వేణ్ణీళ్లు, చాకలి సోడా, బూడిద, కొబ్బరిపీచు తీసుకుని కూర్చున్నాను. ఒళ్లు దాచుకోకుండా తోమాను. ఎంత తోమితే అంత బంకయింది. ఒకచోట ఉన్న జిడ్డు నాలుగు చోట్లకి పాకింది. బూడిద దాంట్లో కలిసి అట్ట కట్టింది. నీళ్లు మాత్రం తామరాకు మీద జారినట్టు జారిపోయాయి. నానమ్మ వచ్చి చూసి, "అంతకు ముందే నయంగా ఉండేది గదే" అంది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు, అందుకే నాకు ఏడుపొచ్చింది. తెల్లారితే వడ్రంగి వస్తాడు, తాతయ్య తలుపులు పొయ్యిలోకి పోతాయి. వాటిని ఇంకాస్త పాడు చేసింది నేనే.

అప్పుడే మా తోటలో కాయలు ఏరే అత్త మంచినీళ్ల కోసం పెరట్లోకి వచ్చింది. చుట్టరికం ఏమీ లేదు, అత్తా అని పిలవడమే వరస. కోసిన కాయలకి ముచ్చికలు తుంచి, జిగట సొన కార్చి, గంపల్లో సర్దడం ఆమె పని. ఆ సొన చిమ్మి ఆమె చేతుల నిండా నల్లటి మచ్చలుండేవి. నా ఏడుపు చూసింది, తలుపులు చూసింది, నీళ్లు తాగి తాపీగా అడిగింది.

"చేతికి సొనంటితే ఏం చేస్తావు పాపా?"

"నూనె రాస్తాను."

"నీళ్లు పెట్టవా?"

"నీళ్లు పెడితే ఇంకా పాకుతుందిగా అత్తా" అన్నాను. మా ఊళ్లో నడక వచ్చిన ప్రతి పిల్లకీ తెలిసిన సంగతి అది.

"మరి ఈ పాపిష్టి జిడ్డుకి నీళ్లెందుకు పెట్టావు? ముల్లుని ముల్లుతోనే తీస్తారు. ఇదీ అంతే."

అమ్మని అడిగి గిన్నెడు నువ్వుల నూనె గోరువెచ్చగా చేయించింది. తలుపుల మీది తడి ఆరాక, పాతగుడ్డతో ఆ నూనె దిట్టంగా పట్టించింది. జిడ్డు వదిలించడానికి నూనె రాయడమేంటని నానమ్మ బుగ్గలు నొక్కుకుంది. నేను వెంటనే పీచు అందుకోబోతే అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ముందు నాననీ. నీ కోపంతో దానికి పని లేదు" అని తోటలోకి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం తలుపుల ఎదుట గడిపినంత ఓపికగా నేను బళ్లో కూడా ఎప్పుడూ కూర్చోలేదు.

సాయంత్రం అత్త పని దిగి వచ్చి, పెరట్లో ఎండి పడున్న చిన్నరసం టెంక ఒకటి ఏరి నా చేతికిచ్చింది. దానికున్న పీచుతో మెల్లగా రుద్దమంది. రుద్దాను. జిడ్డు ముద్దలు ముద్దలుగా లేచి వచ్చింది. పైన శనగపిండి చల్లి రుద్దితే మిగిలిన నూనెని పిండి తాగేసింది. చివరికి కుంకుడు రసంలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డ పెట్టాం. తుడిచిన మేర చెక్క పచ్చగా బయటపడింది. పసుపు కొమ్ములాంటి పచ్చదనం. నల్ల అలమార నలుపు కాదు, పనసచెక్క. నేను వేసిన కేక విని అమ్మ పరుగెత్తుకొచ్చింది. వచ్చి, అత్త రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నాకైతే ఊరంతా చాటింపు వేయాలనిపించింది.

పొద్దున్నే వడ్రంగి వచ్చాడు. తలుపుల మీద వేలితో కొట్టి చూసి, "ఇంత మంచి పనస తీసేసి నన్నేం పెట్టమంటారండీ?" అని నాన్నని ఎగాదిగా చూశాడు. బందులు బిగించి, తలుపుల్ని వాటి చోటే నిలబెట్టి వెళ్లాడు. నాన్న నవ్వేశాడు. ఇక నానమ్మ సంగతి చెప్పాలి. వారం తిరక్కుండా ఇంటికొచ్చిన ప్రతివాళ్లనీ వంటింట్లోకి లాక్కెళ్లి, "మా కోడలి పుట్టింటి పనస" అని చూపించడం మొదలుపెట్టింది. అమ్మ పుట్టింటిని ఆవిడ నోరారా పొగడటం నేను వినడం అదే మొదలు. నాకు అంతకు మించిన గెలుపు జీవితంలో మళ్లీ దొరకలేదు.

ఇప్పుడు నా మనవరాలికి నాకన్నా కోపమెక్కువ. గిన్నె మాడినా, స్నేహితురాలు ముఖం తిప్పుకున్నా ఒకటే మాట, ఇక పనికిరాదు పారేద్దాం అంటుంది. ఆ మాట వింటే చాలు, పసుపుపచ్చగా తేలిన ఆ చెక్కే నా కళ్ల ముందు మెదులుతుంది. నేను తిట్టను, నీతులు చెప్పను. ఒక్కటే అడుగుతాను.

"నానబెట్టి చూశావా?"