మైదానం హాండెల్ పేరు మీద ఉందట

హాండెల్ ప్రోబర్ట్ సముద్రపుటొడ్డున పోర్త్‌కాల్‌లో బంగళా అడిగాడనీ, అది తన పేర రాసిచ్చేదాకా రగ్బీ మైదానం కాగితాల మీద సంతకం పెట్టనని భీష్మించుకు కూర్చున్నాడనీ బొగ్గు గనుల లోయలోని కుమ్‌హెలిగ్ ఊరంతా చెప్పుకుంటోంది. అందులో నిజం గోరంత కూడా లేదు. హాండెల్ పోర్త్‌కాల్ వెళ్ళిన మాట నిజమే, అక్కడ బంగళాల ముందు నిలబడి చూసిన మాటా నిజమే. చర్చివాళ్ళు వేసిన బస్సులో వెళ్ళాడు. ఆ బస్సులో ముప్ఫై ఆరుగురున్నారు. ముప్ఫై ఆరుగురూ అవే బంగళాలను అలాగే నోరు తెరుచుకుని చూశారు. పుకారు మొదలుపెట్టిన మాంసం కొట్టు మావిస్ అయితే బస్సులో అతని పక్కనే కూర్చుని, అతని సంచీలో బిస్కెట్లన్నీ తినేసింది.

ఇదంతా ఆరా తీసింది హాండెల్ పక్కింటి ఐర్వెన్. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. సొంత అత్త కాకపోయినా వీధిలో పెద్దావిడను బోపా అనడం ఆ లోయలో అలవాటు కనుక ఊళ్ళో సగం మందికి ఆవిడ బోపాయే.

"నీకెవరు చెప్పారే మావిస్?"

"అందరూ అంటున్నారు బోపా."

"ఆ అందరిలో ముందు అన్నది ఎవరు?"

మావిస్ కీమా తూచడంలో మునిగిపోయింది.

అసలు హాండెల్‌కి మైదానం ఎలా వచ్చిందన్నది ఎవరూ చెప్పుకోరు, అందులో ఊరి ఘనకార్యం ఉంది కనుక. వందేళ్ళ కిందట బొగ్గు గని కూలీలు వారం వారం జీతంలోంచి కోయించుకుని ఆ నేల కొన్నారు. దాన్ని ఐదుగురు ట్రస్టీల పేర రాయించారు. ఒకరు పోతే కమిటీ కూర్చుని మరొకర్ని ఎన్నుకోవాలి. ఊళ్ళో ఎవరికీ పదవులంటే ఇష్టం లేదు, కాబట్టి ఆ రోజు మీటింగుకి ఎవరు రాకపోతే వాళ్ళ నెత్తిన పెట్టడం ఆచారం. ఇరవై ఏడేళ్ళ హాండెల్ ఒక మీటింగు మధ్యలో గాలికి కొట్టుకుంటున్న గేటు వేసిరావడానికి లేచి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి అందరూ లేచి చప్పట్లు కొట్టారు. అప్పటికి తను ట్రస్టీ అయ్యానని అతనికి తెలియదు.

ఆ తర్వాత ఊరు తెలివి మీరింది. ట్రస్టీ పోయిన ప్రతిసారీ మీటింగు పెట్టారు. రాకపోతే ఏమవుతుందో తెలుసు కనుక ఒక్కరు తప్పకుండా అందరూ వచ్చారు. కాలు విరిగినవాణ్ణి కుర్చీలో మోసుకొచ్చారు. రానివాళ్ళెవరూ లేరు, ఎన్నుకోవడానికి మనిషి లేడు. టీ తాగి ఇళ్ళకు పోయారు. అలా మిగతా నలుగురు ట్రస్టీలూ ఒకరి తర్వాత ఒకరు పోయి, చివరికి హాండెల్ ఒక్కడు మిగిలాడు.

అతను సంగీతకారుడి పేరు పెట్టుకున్నాడే గానీ, అందరూ పాటలు పాడే ఆ ఊళ్ళో శ్రుతి లేని గొంతు అతనొక్కడిదే. గని మూసేదాకా కూలీలకు దీపాలిచ్చే గదిలో పనిచేశాడు, తర్వాత వాషింగ్ మెషీన్ల ఫ్యాక్టరీలో. శనివారం శనివారం మాత్రం మైదానం గేటు దగ్గర టికెట్లు చింపాడు. ఊరికే లోపలికి పోవడమన్నది అతని గేటు దగ్గర కుదరదు. పెళ్ళైన ముప్ఫై ఏళ్ళూ భార్య మెన్నా టికెట్ కొనే లోపలికి వెళ్ళింది. ఒకసారి చిల్లర మర్చిపోతే ఆవిణ్ణి పక్కన నిలబెట్టి, వెనకాల ఉన్న ఐర్వెన్ దగ్గర అప్పిప్పించాడు. అలాంటివాడు బంగళా అడిగాడంటే నమ్మే ఊరు ఇదొక్కటే.

ఇప్పుడు వచ్చిన చిక్కేమిటంటే, జనం కూర్చుని ఆట చూసే పాత స్టాండు కప్పు తుప్పు పట్టిందని ఇన్స్పెక్టరు తాళం వేయించాడు. కొత్త స్టేడియం కట్టడానికి ప్రభుత్వం సగం ఇస్తానంది, కార్డిఫ్ నుంచి వచ్చిన కంపెనీ మిగతా సగం పెడతానంది. బదులుగా నూట పాతికేళ్ళు నేల కంపెనీది, ఆట క్లబ్బుది, అజమాయిషీ కౌన్సిల్‌ది. శుక్రవారంలోగా హాండెల్ సంతకం పెట్టకపోతే ప్రభుత్వం డబ్బు వెనక్కి పోతుంది. అప్పుడు వచ్చే ఏడాది ఊరి జట్టు కింది ఊరి మైదానంలో ఆడుకోవాలి. కింది ఊరివాళ్ళ మరుగుదొడ్డి వాడుకోవడానికి కూడా ఒప్పుకోని మనుషులు వీళ్ళు.

ముందు క్లబ్బు అధ్యక్షుడు గెథిన్ వచ్చాడు, పెనం మీద కాల్చిన ఎండుద్రాక్ష బిళ్ళలు పట్టుకుని.

"హాండెల్ అంకుల్, అసలు ఈ మైదానం మనది కదా. మా తాత చెమట ఉంది అందులో."

"మీ తాత చెమట నాకు తెలుసురా. గోడ దూకి వచ్చేవాడు."

తర్వాత కౌన్సిల్ ఆవిడ పటం పట్టుకుని వచ్చి, ఇది ప్రజల ఆస్తి అంది. ఆపైన కంపెనీ అబ్బాయి గాజు పెట్టెలో చిన్న స్టేడియం తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో అగ్గిపుల్లంత మనుషులు ఎండలో నవ్వుతూ తిరుగుతున్నారు. ఇది మన అందరి భవిష్యత్తు అన్నాడు. ముగ్గురితోనూ హాండెల్ ఒకే ఒక్క ప్రశ్న వేశాడని, ముగ్గురూ కాగితాలు తిరగేసి వెళ్ళిపోయారని ఐర్వెన్ గోడ అవతలి నుంచి గ్రహించింది. ప్రశ్న ఏమిటో మాత్రం వినబడలేదు. ఆ గోడ ఆవిడ అనుకున్నదానికంటే మందంగా కట్టారు.

బుధవారానికి ఊరు హాండెల్‌తో మాట్లాడడం మానేసింది. మావిస్ పొట్లం బల్ల మీద పెట్టి ముఖం తిప్పుకుంది. క్లబ్బులో నలభై ఏళ్ళుగా అతను కూర్చునే బెంచీ మీద ఎవరో కోట్లు పరిచారు. హాండెల్ నిలబడే సగం గ్లాసు బీరు తాగి, మిగతాది వదిలేసి వచ్చేశాడు. గ్లాసులో వదిలేసే మనిషి కాదతను. ఊళ్ళో అతనికి ఉన్నదల్లా మంచి పేరు. అదీ పోతోందని ఐర్వెన్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గురువారం పొద్దుటి నుంచీ కుండపోత. హాండెల్ ఇంట్లో లేడు. ఐర్వెన్ గొడుగు వేసుకుని మైదానం చుట్టూ వెతికి, తాళం వేసిన స్టాండు వెనకాల అతన్ని పట్టుకుంది. పాత గని నీళ్ళు కొండ మీంచి మైదానం కిందుగా పోయే తూము ఉందక్కడ. హాండెల్ మోకాళ్ళ మీద కూర్చుని, పొడవాటి వెదురు బద్దలు ఒకదానికొకటి బిగించి తూములోకి తోస్తున్నాడు. గుప్పెళ్ళతో ఆకులూ బురదా లాగి పక్కన పోస్తున్నాడు. ఆ కుప్ప చూస్తే మొదటిసారి చేస్తున్న పనిలా లేదు.

"ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావిది?"

"గని మూసినప్పటి నుంచి. ముందు గనివాళ్ళు చేసేవాళ్ళు."

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ వద్దనలేదు."

ఐర్వెన్ గొడుగు అతని మీదికి వంచింది. ఇంకా నాన్చడం ఆవిడ వల్ల కాలేదు.

"చూడు హాండెల్, ఊరంతా నిన్ను దొంగలా చూస్తోంది. రేపటితో గడువు అయిపోతుంది. నువ్వు బంగళా అడగలేదని నాకు తెలుసు. మరి సంతకం ఎందుకు పెట్టవు?"

హాండెల్ బద్దను ఇంకో అడుగు లోపలికి తోశాడు. ఎక్కడో గుడగుడమని నీళ్ళు కదిలాయి.

"నలభై పేజీలు చదివాను ఐర్వెన్. బారు ఎవరిదో ఉంది, కార్లు పెట్టే చోటు ఎవరిదో ఉంది, గోడ మీద పేరు ఎవరిదో ఉంది. ఈ తూము లేదు. ఇది పూడిపోయి మైదానం మునిగితే బాగుచెయ్యడానికి ఎవరొస్తారని అడిగాను. క్లబ్బు కౌన్సిల్ అంది, కౌన్సిల్ కంపెనీ అంది, కంపెనీ క్లబ్బు అంది. నేను వస్తానని ఎవడంటే వాడికి ఇప్పుడే, ఈ బురద చేత్తోనే సంతకం పెట్టి ఇస్తాను."