తమ్ముడికి అందని చెవి

మా చిన్నప్పుడు బడిలో చేర్చుకోవడానికి పుట్టిన కాయితం ఎవరూ అడిగేవాళ్ళు కాదు... కుడిచెయ్యి నెత్తిమీదుగా వేసి ఎడమ చెవి పట్టుకోమనేవాళ్ళు. చెవి అందితే ఐదేళ్ళు నిండినట్టు. అందకపోతే ఇంటికి పోవడమే.

మా తమ్ముడు మల్లేశుకు అందలేదు...

కొత్తకోట పక్కన చిన్న పల్లె మాది. మేకలు, గొర్రెలు, కాస్త జొన్నచేను. బడికి పోవాలంటే వాగు దాటి కొత్తకోట దాకా నడవాలి. నాకేమో బడంటే పిచ్చి. బాపు ఒకటే మాట అన్నాడు.

"ఆడపిల్లవు, ఒక్కదానివి ఎట్ల పోతవే? తమ్ముడు తోడొస్తే పో... లేకుంటే మేకల ఎంబడి పో."

అప్పటికి నాకు ఆరేళ్ళు, వాడికి నాలుగు. వాణ్ణి బెల్లం ముక్క ఆశపెట్టి తీసుకుపోయాను.

సారు చెవి పట్టుకోమంటే వాడి వేళ్ళు చెవికి బెత్తెడు దూరంలో ఆగిపోయాయి. సారు రిజిస్టరు కోసం అటు తిరిగాడు... అంతే, వాడి తల వంచి, చెయ్యి పట్టి గుంజి, చెవి మీద పెట్టేశాను. వాడు కుయ్యిమన్నాడు కానీ ఏడవలేదు.

"ఎప్పుడు పుట్టిండే వీడు?" అన్నాడు సారు.

మా అవ్వ రోజూ చెప్పే ముచ్చట ఒకటి ఉండేది. రజాకార్ల గడబిడలో మా అమ్మ జొన్నచేనులో దాక్కుని బిడ్డను కన్నదని... ఆ బిడ్డ నేనే. ఆ ముచ్చట తీసి తమ్ముడికి అంటగట్టాను.

"గడబిడల పుట్టిండు సార్. నేను వీనికంటె రెండేండ్లు పెద్ద."

సారు వేళ్ళ మీద లెక్కపెట్టి ఏవో తేదీలు వేసేశాడు. అలా ఇద్దరికీ ఒక్క పూటలో రెండేళ్ళ వయసు పెరిగింది... ఇంటికి వస్తూ సంతోషంతో వాగు నీళ్ళలో గంతులేశాను.

తర్వాత ఇద్దరం పాలమూరు హైస్కూలుకు వచ్చాం, వేరువేరు హాస్టళ్ళలో. అక్కడ డ్రిల్లు సారు మట్టి గ్రౌండులో రెండు కర్రస్తంభాలు పాతించి, ఇనుప రింగులు బిగించి బాస్కెట్‌బాల్ నేర్పేవాడు. మావాడు పొట్టి. కానీ బంతి వాడి చేతికి వచ్చిందా, ఇక ఎవరికీ దొరికేది కాదు... వంగి నేలకు కొడుతూ, అటు చూసి ఇటు ఉరికేవాడు. అలా బంతిని ముందుకు తెచ్చి పొడుగువాళ్ళకు అందించేవాణ్ణి గార్డు అంటారని వాడే చెప్పాడు.

"మేక యాడికి మర్లుతదో ముందుగాల తెల్వాలె అక్కా... గంతే" అని నవ్వేవాడు.

హైస్కూలు చదువు అయిపోయిన ఎండాకాలం, రాష్ట్రం పిల్లల జట్టుకు పాలమూరులోనే ఎంపిక పెట్టారు. సజ్జరొట్టెలు మూటకట్టుకుని నేనూ పోయాను. ఆ రోజు వాడు ఆడిన ఆట... చూసినవాళ్ళు రెప్ప వెయ్యలేదు. పేర్లు చదివితే వాడిది రెండోది.

అప్పుడు సర్టిఫికెట్లు చూశారు. వయసు మూడు నెలలు మించిందని మల్లేశు పేరు కొట్టేశారు...

డ్రిల్లు సారు నన్ను పక్కకు పిలిచాడు. "బడిల ఏసేటప్పుడు ఎక్కువ చెప్పిండ్రా బిడ్డా? ఉన్నది చెప్పు, హెడ్మాస్టరుతోని దిద్దిపిస్త."

చెప్పాలి కదా... నోటిదాకా వచ్చింది. కానీ నాకు టీచరు ట్రైనింగులో సీటు వచ్చి పది రోజులే అయింది. వాడి తేదీ తప్పని తేలితే అదే రిజిస్టరులో పై గీతలో ఉన్న నా తేదీ కూడా తప్పే. అసలు వయసైతే ట్రైనింగుకు చాలదు, సీటు పోతుందని భయం.

"లేదు సార్" అన్నాను.

తిరిగి వస్తుంటే తొవ్వలో వాడే నాకు రొట్టె విరిచి పెట్టాడు.

నేను టీచరునయ్యాను. వాడు హైదరాబాదు పోయి, ఒక బట్టల మిల్లు జట్టు ఆడే గ్రౌండు చుట్టూ నెలల తరబడి తిరిగాడు. ఏ జాబితాలోనూ పేరు లేనివాణ్ణి ఎవరు తీసుకుంటారు? ఒకరోజు వాళ్ళ గార్డుకు కాలు మడతపడితే, ఆ పూటకని దింపారు. ఆ పూట పన్నెండేళ్ళు నడిచింది... మిల్లువాళ్ళు ఆట కోసమే కొలువిచ్చారు. కానీ రాష్ట్రం జట్టు బనియను మాత్రం ఎన్నడూ తొడగలేదు.

ఆఖరికి వాడి రిటైర్మెంటు కూడా ఆ తేదీ ప్రకారమే, రెండేళ్ళు ముందే వచ్చింది. ఆ రోజు ఇక ఆగలేక వాడి ఇంటికి పోయి, చేతులు పట్టుకుని అంతా చెప్పి ఏడ్చాను.

వాడు తాపీగా చాయ్ ఊదుకుంటూ అన్నాడు...

"నాకెర్కే అక్కా. నువ్వు గుంజిన గుంజుడుకు రెండు దినాలు రెట్ట నొచ్చె, యాది మరుస్తనా? గా దినం డ్రిల్లు సారు నీకంటె ముందు నన్నే అడిగిండు. లేదనే చెప్పిన... నీ సీటు పోతది గద."

నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పనిచేశాను. ఏ పిల్లవాణ్ణీ చెవి పట్టుకోమనలేదు... తల్లిని కూర్చోబెట్టి, ఏ పంట కోతలప్పుడు కన్నావమ్మా అని నింపాదిగా అడిగి రాసేదాన్ని. ఇప్పుడు ఆ తంటా కూడా లేదు, పుట్టిన నిమిషంతో సహా దవాఖాన కాయితం మీద ఉంటుంది. నా మనవరాలైతే చెవి ముచ్చట చెబితే పడీపడీ నవ్వింది.

మీ ఇళ్ళలోనూ ఇలా వయసు ఎక్కువ రాయించుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ ముచ్చట్లు ఇక్కడ రాయండి... కానీ ముందు వాళ్ళనోసారి అడగండి, ఆ తేదీ వల్ల ఏం పోయిందో. నేను ఆ మాట ఎత్తేసరికి మా మల్లేశు నెత్తి నెరిసిపోయింది.