రవికతో వచ్చిన చెమట

చంకల్లో చెమట గురించి రాస్తున్నానని చెబితే మా అన్నయ్య మనవరాలు నోరు నొక్కుకుంది. రాయడానికి ఇంకేమీ దొరకలేదా అని అడిగింది. దొరక్కేం? దేశభక్తి గురించీ దైవభక్తి గురించీ రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళు రాసుకుంటారు. నన్ను నిజంగా ఏడిపించింది దేశమూ కాదు, దేవుడూ కాదు. నా రెండు చంకలు.

ఉద్దానంలో మా ఊరు సముద్రానికి బాగా దగ్గర. కొబ్బరిచెట్లు, జీడిచెట్లు, మధ్యలో ఇసుక. మా నాన్న తల్లిని మేం మామ్మ అనేవాళ్ళం. ఆవిడ బుద్ధెరిగాక రవిక తొడిగిన మనిషి కాదు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ అంతే. కోక చెంగు భుజం మీంచి తిప్పి నడుం దగ్గర దోపుకుంటే సింగారం అయిపోయినట్టే. చెమట పడితే సముద్రపు గాలే ఆరబెట్టేసేది. నాకు అందరికంటే ఎక్కువ చెమట పడుతుందన్న సంగతి ఇరవయ్యేళ్ళు వచ్చేదాకా నాకే తెలియదు.

పెళ్ళయిన మూడో ఏడు మా ఆయన ఓడెక్కి బర్మాలో రంగం వెళ్ళాడు. ధాన్యం మిల్లులో పని అన్నాడు. మొదట రెండు ఉత్తరాలు వచ్చాయి. తరవాత ఉత్తరమూ లేదు, మనిషీ లేడు. నేను అన్నయ్య ఇంటికి వచ్చి పడ్డాను. వదిన చెడ్డదేం కాదు, కానీ నాకు గంజి పోసిన ప్రతిసారీ ఒక నిట్టూర్పు కూడా కలిపి పోసేది. ఆ నిట్టూర్పు మింగలేక చచ్చేదాన్ని. చిన్నప్పుడు నాన్న నేర్పిన అక్షరాలు ఉన్నాయి కదా అని మళ్ళీ పుస్తకాలు పట్టి పరీక్ష ఒకటి గట్టెక్కాను. టెక్కలి ఆడపిల్లల బడిలో టీచరు కావాలని తెలిసి అన్నయ్యే బండి కట్టించి తీసుకెళ్ళాడు. వదిన శకునం మంచిదని తనే ఎదురొచ్చి మరీ సాగనంపింది. నాకు తోడుగా మామ్మ వచ్చింది.

ఉద్యోగం ఖాయం కాదు. ఆడపిల్లల బళ్ళు చూడడానికి వచ్చే ఇన్‌స్పెక్టరమ్మ నా పాఠం విని, సరే అని పుస్తకంలో రాస్తేనే ఖాయం. లేకపోతే మళ్ళీ వదిన గంజి దగ్గరికే.

హెడ్‌మాస్టరు ముసలాయన, మహా మర్యాదస్తుడు. మొదటిరోజు నన్ను చూసి, చూడనట్టు గోడకేసి తిరిగి చెప్పాడు. "అమ్మా, బడిలో రవిక ఉండాలి. రూలు." దర్జీ చేత మోచేతుల దాకా చేతులున్న నీలం రవికలు రెండు కుట్టించారు. అవి తొడుక్కుని మొదటి గంటకి బడికి వెళ్ళాను. రెండో గంటకల్లా చంకల కింద రెండు చెరువులు. సాయంత్రానికి ఆ తడి నడుం దాకా దిగింది.

ఇంటికొచ్చేసరికి మామ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మా! ఇదేటే గుంటా, నూతిలో గాని పడ్డావేటి?"

"చెమట మామ్మా."

"సెమట కాదే, రవిక జబ్బు. ఇప్పీసి సూడు, అదే పోద్ది."

ఆ తరవాత నాకు ఎంతోమంది వైద్యం చెప్పారు. వాళ్ళందరిలో సరిగ్గా చెప్పింది మామ్మ ఒక్కతే. పాటించడానికి వీల్లేనిదీ అదొక్కటే.

మర్నాటి నుంచి నేను చేతులు ఒంటికి అంటించుకుని బతకడం నేర్చుకున్నాను. బోర్డు మీద నా భుజం ఎత్తు దాటి ఒక్క అక్షరం రాసేదాన్ని కాదు. కింది సగం అరిగి తెల్లబడిపోయింది, పై సగం దుకాణంలోంచి ఇప్పుడే తెచ్చినట్టు నల్లగా నిగనిగలాడేది. చిన్నపిల్లలకు అందేలా రాస్తోందని హెడ్‌మాస్టరు నన్ను మెచ్చుకున్నాడు. మద్రాసు ప్రెసిడెన్సీ మ్యాపుతో మాత్రం చిక్కొచ్చింది. దాన్ని గోడకి ఎత్తుగా కట్టారు. పైన, అప్పట్లో మేమున్న గంజాం జిల్లా, అట్టడుగున తిరునల్వేలి. చెయ్యి ఎత్తకుండా నాకు అందేది నెల్లూరు నుంచి కిందికే. అంచేత మా పిల్లలకు తిరునల్వేలి కొట్టినపిండి, తాము కూర్చున్న జిల్లా ఎక్కడుందో మాత్రం తెలియదు.

చెయ్యని వైద్యం లేదు. పటిక రుద్దాను. గంధం పూశాను. వైద్యుడు నాడి పట్టుకుని పైత్యం అన్నాడు, చింతపండు మానమన్నాడు. చింతపండు మానేస్తే నోరు చచ్చింది గాని చంక చావలేదు. కొబ్బరిపీచు మెత్తగా దంచి గుడ్డలో చుట్టి చంకల్లో పెట్టుకున్నాను. ఆ రోజు పాఠమంతా గోక్కోవాలన్న కోరిక తప్ప నాకింకేమీ గుర్తు లేదు. అమ్మవారికి మొక్కుకుందామని వెళ్ళి చూస్తే, ఆవిడే గాలాడని గదిలో, నూనె దీపాల మధ్య, పట్టు కోక కట్టుకుని చెమటలు కక్కుతోంది. తన సంగతే చూసుకోలేకపోతున్న ఆవిడని ఇబ్బంది పెట్టడం ఎందుకని దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఇలా రెండో వేసవి వచ్చింది. ఒక శుక్రవారం హెడ్‌మాస్టరు కంగారుగా వచ్చాడు. ఇన్‌స్పెక్టరమ్మ పలాసలో రైలు దిగి అక్కడి బడి చూస్తున్నారనీ, సోమవారం మన దగ్గరికనీ చెప్పాడు. "మ్యాపు మీద పాఠం చెప్పమంటారమ్మా. గంజాం నుంచే మొదలుపెట్టాలి" అన్నాడు. నా చేతులు ఒంటికి ఇంకాస్త గట్టిగా అంటించుకున్నాను.

ఆ సాయంత్రమే భావనపాడు నుంచి ఎండుచేపలమ్మే ఆవిడ గంప దించింది. మామ్మ నా కష్టమంతా ఆవిడకి ఏకరువు పెట్టింది. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "మా పడవలకి జీడిపిక్కల నూనె రాత్తారు. సెక్కలోకి నీరు సొరదు. నోపలికి రాని నీరు బైటికి మాత్తరం ఎలగొస్తాదే?" అంది.

జీడిపిక్క తొక్కల నూనె ఒంటికి తగిలితే కాలి బొబ్బలెక్కుతుందని ఉద్దానంలో పాకే పిల్లకి కూడా తెలుసు. పచ్చి పిక్క కొరికి పెదవులు కాల్చుకోకుండా పెద్దయినవాళ్ళు మా ఊళ్ళో లేరు, నాతో సహా. ఆ మాటే అన్నాను.

"సగానికి సగం కొబ్బరినూనె కలిపీ. ఏటీ అవదు" అంది ఆవిడ.

చదువుకున్నదాన్ని. పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని. సగం నిప్పు, సగం నూనె కలిపితే ఏమవుతుందో తెలియదా? తెలుసు. కానీ రెండేళ్ళు సిగ్గుతో బతికిన మనిషికి తెలివి ఒక మూల కూర్చుంటుంది. శనివారం పొద్దున్నే రెండు చంకలకీ దట్టంగా పట్టించాను.

మధ్యాహ్నానికి మంట, సాయంత్రానికి బొబ్బలు. ఆదివారానికి తోలు నల్లబడి పుళ్ళు పడ్డాయి. చేతులు కిందికి దించితే ప్రాణం పోతోంది. రెండు చేతులూ రెండు వైపులకీ చాపి ఇంట్లో తిరుగుతున్నాను, పొలంలో దిష్టిబొమ్మలాగా. మామ్మ కాసేపు ఏడ్చింది, కాసేపు చేపలావిడని తిట్టింది, చివరికి నవ్వాపుకోలేకపోయింది. "రెండేళ్ళు సేతులెత్తనేదు. ఇప్పుడు దించనేవు. నీకు దేవుడు సంకలెందుకిచ్చినాడో ఆడికే తెలాలి!"

రవిక తొడిగే మాటే లేదు. సోమవారం మామ్మ తన పద్ధతిలోనే నాకు కోక చుట్టి దోపింది. అలాగే బడికి వెళ్ళాను. నన్ను చూసి హెడ్‌మాస్టరు మళ్ళీ గోడకేసి తిరిగాడు, ఈసారి తల గోడకి ఆనించి మరీ.

ఇన్‌స్పెక్టరమ్మ రాజమండ్రి వైపు మనిషట. కళ్ళజోడు, మెడ దాకా బొత్తాలున్న జాకెట్టు. నన్ను పైనుంచి కింది దాకా చూసి, "ఇదేమిటి, రవిక లేకుండా?" అంది.

ఏదో అబద్ధం చెబుదామనే అనుకున్నాను. కానీ ఒళ్ళు మండిపోతోంది, మనిషికి మంటలో మర్యాద గుర్తుండదు. "చెమటండీ" అన్నాను. "చంకల్లో చెమట. రవిక తడిసిపోతుంది. మీకు కనిపిస్తే నా ఉద్యోగం తీసేస్తారని జీడి నూనె రాసుకున్నాను. కాలిపోయింది. ఇవిగో చూడండి." ఎత్తి ఉన్న చేతులే కాబట్టి చూపించడానికి కష్టపడక్కర్లేకపోయింది.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "చెమట పడితే తీసెయ్యమని ఏ రూల్లోనూ లేదమ్మా. రవిక లేకపోతే తీసెయ్యమని మాత్రం ఉంది."

నాకు ఆవిడ మీద కాదు, నా మీద నాకే ఎంత కోపం వచ్చిందంటే, ఆ క్షణంలో జీడి నూనె దొరికితే తాగేద్దును. రెండేళ్ళు ఏ ప్రమాదమూ లేని చోట దాక్కుని, ఇప్పుడు నా చేతులారా ప్రమాదం తెచ్చుకున్నాను.

"భోజనాల తరవాత మీ క్లాసు చూస్తాను" అని ఆవిడ పక్క గదిలోకి వెళ్ళిపోయింది. అంతకంటే జాలి చూపించడానికి రూలు ఒప్పుకోదు కాబోలు.

ఇంటికి పరిగెత్తాను. మామ్మ లేత అరిటాకు ముక్కలకి వెన్న రాసి పుళ్ళ మీద పరిచింది, పైన రవిక తొడిగింది. తొడుగుతున్నంతసేపూ "ఓర్సుకోయే, ఓర్సుకోయే" అంటూ నాకంటే ఎక్కువ తనే ఏడ్చింది. నేను ఏడవలేదు. వదిన గంజి తలుచుకున్నాను.

మధ్యాహ్నం ఎండ నిలువునా కాస్తున్న వేళ మ్యాపు ముందు నిలబడ్డాను. బెత్తం పట్టుకుని కుడిచెయ్యి పైకంటా ఎత్తాను. "ఇది గంజాం" అన్నాను. "ఇది సముద్రం. ఇదిగో ఇక్కడ, ఈ అంచున, మనం." చెమట, వెన్న, పుండు రసి అన్నీ కలిసి రవిక తడుస్తోంది. తడవనీ అనుకున్నాను. పిల్లలు తమ ఊరు మ్యాపులో ఉందని మొదటిసారి వింటూ మెడలు సాచి చూస్తున్నారు. అక్కడి నుంచి కిందికి దిగుతూ తిరునల్వేలి దాకా ఒక్క ఊపులో చెప్పాను. ఇన్‌స్పెక్టరమ్మ పుస్తకం తెరిచి రెండు ముక్కలు రాసింది. హెడ్‌మాస్టరు ఆ రెండు ముక్కలూ తలకిందులుగానే చదివేసి, ఆ రోజు మొదటిసారి గోడకేసి కాకుండా నాకేసి తిరిగి తల ఊపాడు. ఖాయం.

ఆవిడ బండి కదిలాక క్లాసులోకి వచ్చి కూలబడ్డాను. ముందు వరుసలో కూర్చునే పిల్ల, ఏడెనిమిదేళ్ళది, పలక మీద నీళ్ళలో తడిపిన గుడ్డ ఒకటి పెట్టి తెచ్చి నా ముందుంచింది.

"తుడుసుకోండి టీచరమ్మా. ఈయేల తక్కువే పట్టినాది."

"ఏటే తక్కువ?" అన్నాను, నా నోట కూడా మా ఊరి మాటే వచ్చింది.

"సెమట. రోజూ ఇక్కడికొస్తాది గదా," అని తన నడుం మీద వేలితో గీత గీసి చూపించింది. "ఈయేల ఇక్కడికే." డొక్క దగ్గర ఇంకో గీత గీసింది. వెనక వరుసల్లో పిల్లలందరూ అవునవునని తలలూపారు. రెండేళ్ళుగా రోజూ చూస్తున్నారు, కొలుస్తున్నారు కూడా. ఒక్కరూ ఒక్కనాడూ నవ్వలేదు.

ఆ తడిగుడ్డ మొహం మీద వేసుకుని, అంతమంది పిల్లల ముందూ, బావురుమని ఏడ్చాను.