ఫైలులో నేను పెట్టిన ఖాళీలు

ప్రింటరులోంచి అప్పుడే వచ్చిన కాగితం వెచ్చగా చేతికి తగిలితే ఇప్పటికీ పైనుంచి కిందదాకా ఒకసారి చూసుకుంటాను. ఏలూరు పవర్‌పేటలో, పుస్తకాలను ఎక్స్ఎంఎల్ అనే కంప్యూటరు రూపంలోకి మార్చే ఆ చిన్న ఆఫీసూ, మా టీమ్ లీడర్ నూర్జహాన్ గారూ గుర్తొస్తారు. గుండుగొలను నుంచి బస్సులో వెళ్ళి, సాయంత్రం దాకా నాలుగు మాటలైనా మాట్లాడకుండా తిరిగొచ్చేదాన్ని. నా మాటలన్నీ డైరీలోనే.

ఆ రోజు కలిదిండి చేపల రైతుల కోసం వేస్తున్న మందుల పుస్తకం పదకొండింటికి ప్రెస్సుకు వెళ్ళాలి. ప్రింటు తీస్తే పట్టికలో మందు పేరు ఉండవలసిన చోట ఖాళీ, మోతాదు ఉండవలసిన చోట మందు పేరు. మోతాదులు ఎక్కడా లేవు. ఫైలును పేజీలుగా పేర్చే ప్రోగ్రాం రాసిన శ్రీను మీద మేనేజరు గారు విరుచుకుపడ్డారు.

“గంటలో సరికాకపోతే రేపటి నుంచి రానక్కర్లేదయ్యా.”

“నిన్న బాగానే వచ్చిందండీ,” అన్నాడు శ్రీను.

నిన్న సాయంత్రం ఆ ఫైలు చివరగా తెరిచింది నేను. ఏది పేరో, ఏది మోతాదో కంప్యూటరుకు చెప్పే గుర్తులు, అంటే ట్యాగులన్నీ ఒకే వరుసలో ఇరుక్కుని ఉన్నాయని, చదవడానికి వీలుగా ఒక్కొక్కదాన్నీ కొత్త వరుసలోకి తెచ్చి, కాస్త లోపలికి జరిపాను. ఒక్క అక్షరమూ మార్చలేదు. అందుకే తప్పు నాది కాదేమోనని నోరు మెదపలేదు.

నూర్జహాన్ గారు తెర మీద ట్యాగుల మధ్య జాగాను వేలితో చూపించారు. “మా నాన్నగారు తివాచీ నేసేటప్పుడు నమూనాలో రంగు లేని గడిని కూడా లెక్కపెడతారు శ్రీనూ. నీ ప్రోగ్రామూ అంతే. మొదటిది పేరు, రెండోది మోతాదు అని రాశావు. ఇప్పుడు దానికి మొదటిది ఈ ఖాళీ, రెండోది పేరు.”

“అయితే ట్యాగుల మధ్య ఖాళీలన్నీ తీసిపారేస్తానండీ.”

“తీసి చూడు.”

పట్టిక సరిపోయింది. కానీ వాడే పద్ధతి చెప్పే పేరాలో, వేర్వేరు ట్యాగుల్లో ఉన్న ‘కేజీలు 2’, ‘5 రోజులు’ అతుక్కుపోయి ‘కేజీలు 25 రోజులు’ అయ్యాయి.

“ఎవరో ఒకరు చెరువులో పాతిక కేజీలు కుమ్మరిస్తారు. పట్టికలోవే తియ్యి, పేరాల్లోవి ముట్టుకోకు,” అన్నారావిడ.

“అసలు ఈ ఖాళీలు ఎవరు పెట్టారు?” అని మేనేజరు గారు మళ్ళీ శ్రీను వైపే తిరిగారు. చివరగా సేవ్ చేసిన పేరు నూర్జహాన్ గారు చూసే ఉంటారు. అయినా నా వైపు చూడలేదు.

“నేనేనండీ,” అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

“కొంచెం గట్టిగా చెప్పమ్మా. శ్రీనుకి వినపడాలి,” అన్నారు నూర్జహాన్ గారు.

గట్టిగానే చెప్పాను. ఫైలు పదకొండుకు పది నిమిషాల ముందే ప్రెస్సుకు వెళ్ళింది. శ్రీను ఉద్యోగం నిలిచింది. నాతో మాత్రం వారం దాకా మాట్లాడలేదు.

ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తున్నారు. నాకు ఇప్పటికీ మాటలు తక్కువే. కానీ ఏదైనా చెడిందంటే, ఎవరూ అడగకముందే నేను ముట్టుకున్నదేమిటో చెప్పేస్తాను, గదిలో చివర కూర్చున్నవాళ్ళకు కూడా వినపడేలా.