అర్థమైందని తలూపకుండా

మళ్లీ ఫిట్స్ వస్తే బాబు దక్కడేమో. జ్వరం దిగినా నా తలలో ఆ ఒక్క భయమే తిరుగుతోంది.

నర్సీపట్నం ఆసుపత్రిలో పిల్లల డాక్టరు గది నుంచి బాబును ఎత్తుకుని బయటికి వచ్చేసరికి నాకు ఏడుపు కూడా రావడం లేదు. తోడు వచ్చింది పక్కింటి ఎస్తర్ రాణి. కిర్గిజ్‌స్తాన్‌లో ఆరేళ్లు వైద్యం చదివింది. ఇక్కడ ప్రాక్టీసుకు రాయాల్సిన పరీక్ష రెండుసార్లు పోయింది. "ఆరేళ్లు మంచు తొక్కొచ్చింది మా డాక్టరమ్మ" అంటారు వాళ్లమ్మ జ్ఞానమణి గారు, ఎదురుగానే. ఎస్తర్ నవ్వదు, కోప్పడదు. ఈ ఆసుపత్రిలోనే రోగులకు వివరాలు చెప్పే ఉద్యోగం ఖాళీ ఉందంటే వెళ్లింది. ఆ దేశంలో ఏం నేర్చుకున్నారని అడిగారట. "ఏమీ లేదండీ" అని వచ్చేసింది. అప్పటి నుంచి ఇల్లు కదలడం మానేసింది. బాబు కోసమే ఇవాళ బయటికొచ్చింది.

"డాక్టరు గారేటి సెప్పారక్కా?" అంది.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని. లోపల ప్రతి మాటకూ తలూపాను. ఒక్కటీ గుర్తు లేదు.

"పదక్కా, మళ్లీ లోపలికెల్దాం."

డాక్టరు చేత మళ్లీ చెప్పించి, ఆయనకే నా చేత తిరిగి చెప్పించింది. ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే స్ప్రే జ్వరం రాగానే వాడతానన్నాను.

"కాదమ్మా! ఫిట్స్ ఐదు నిమిషాలకీ ఆగకపోతేనే" అన్నారు డాక్టరు.

ఎస్తర్ మరోసారి చెప్పమంది. చెప్పాను.

ఆటోలో అడిగాను, ఇది ఎక్కడ నేర్చుకున్నావని.

"నేర్సుకోడమేటక్కా? నాకు అక్కడోళ్ల బాస సరిగ్గా రాదు. రోగులు తలూపేసేవోరు, అర్థమైందనుకునేదాన్ని. ట్రైనింగులో ఒక ముసలాయన మూడు పూటల మాత్రలు ఒక్కసారే మింగేశాడు. బతికాడనుకో. ఇంక ఎవరు తలూపినా నమ్మను."

"ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఇది చెప్పాల్సింది."

"దీనికి సర్టిఫికెట్టేదక్కా?"

"నువ్వు లేకపోతే ఆ స్ప్రే ఎప్పుడు కొట్టేదాన్నో నాకే తెలియదు."



సోమవారం ఎస్తర్ మళ్లీ ఆసుపత్రికి వెళ్లి ఆ ముసలాయన సంగతి చెప్పిందట. కొన్నాళ్లు పనిలో పెట్టుకుని చూస్తామన్నారు.

"జీతమిస్తారా, ఊరికే మాటాడిస్తారా?" అన్నారు జ్ఞానమణి గారు. అంటూనే క్యారేజీ కట్టారు.

మొదటి రోజు వెళ్తూ ఎస్తర్ మా గుమ్మం దగ్గర ఆగింది. భయం తగ్గిందా అని అడగలేదు.

"ఎవరేటి సెప్పినా, లేచి రాకముందు నీ మాటల్లో ఆళ్లకే తిరిగి సెప్పక్కా. తప్పైతే ఆళ్లే దిద్దుతారు" అంది.

బాబు విషయంలో ఎవరు ఏం చెప్పినా ఇప్పుడు అలాగే చేస్తున్నాను.