డాక్టర్ ముసింగుజి గారి కొండ

ఉగాండా రాజధాని కంపాలాలోని ఒక విశ్వవిద్యాలయంలో నేలల శాస్త్రం చెప్పే డాక్టర్ ముసింగుజి ఇరవై రెండేళ్ళుగా ఒకే నోట్సు చదివి రాయిస్తున్నాడు. చెమటకు మెత్తబడ్డ ఆ కాగితాలను వేలు తడి చేసుకుని తిప్పుతాడు, కామా దగ్గర కామా అంటాడు, ఏటా నవ్వే చోటే నవ్వుతాడు. అక్కల పాత పుస్తకాలు తెచ్చుకున్న పిల్లలు ఆయనకంటే ఒక వాక్యం ముందే నవ్వేస్తారు. అదంతా తన బోధన మహిమ అనుకుంటాడాయన.

ఈసారి పరీక్షలో తరగతి గది వెనక కొండ గురించి అడిగాడు. నిలువు లోతున ఎర్రమట్టి, అరటికి శ్రేష్ఠం అని నోట్సులో ఉంది. కెమిగిషా అనే అమ్మాయి మాత్రం, మట్టి వానలకు కొట్టుకుపోయిందనీ జానెడు లోతులోనే రాయి తగిలిందనీ రాసింది. ఆ జవాబుకు సున్నా వేశాడు. రెండు మార్కులు తక్కువై ఏడాదంతా మళ్ళీ చదవాల్సి రావడంతో ఆయన గదికి వచ్చింది.

“నేను తవ్వి చూశాను, సెబో” అంది, అయ్యా అనే అక్కడి మాటలో.

“నిన్నెవరు తవ్వమన్నారమ్మా? పార పట్టడానికైతే మీ ఊళ్ళోనే ఉండాల్సింది!”

“కిటికీలోంచి చూడండి, రాళ్ళు ఇక్కడికే కనబడుతున్నాయి.”

ఆయన లేచి కిటికీ మూశాడు. జవాబు పత్రం ఆమె ముందుకు తోసి, “అది కొట్టేసి నేను చెప్పింది రాయి, పాసైపోతావు” అన్నాడు.

కెమిగిషా చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. చివరికి కొట్టేసి, ఎర్రమట్టి అని రాసింది.

ఆయనకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. ఉత్తమ అధ్యాపకుడి లక్షణాల గురించి మర్నాడు కొత్తగా చేరిన అధ్యాపకులకు ఉపన్యసించాలి. తన ఓర్పుకు మంచి ఉదాహరణ దొరికింది.