పేర్లు మిగిలిన వీడియోలు

పాపకు ఏడాదిన్నర. నిద్ర లేచేటప్పుడు ఒక్కోసారి కుడిచెయ్యి బిగుసుకుని, కళ్ళు ఓ పక్కకు వెళ్ళిపోతాయి. కాసేపటికి మామూలైపోతుంది. కర్నూలులో డాక్టరు పరీక్షలు చేయించాడు, ఏమీ తేలలేదు. “ఫిట్సో కాదో చూడకుండా మందు మొదలుపెట్టలేనమ్మా. వచ్చినప్పుడు వీడియో తీయండి” అన్నాడు.

తీశాను. బిడ్డను ఎత్తుకోవాల్సిన చేతులతో ఫోను పట్టుకుని, వణక్కుండా, నాలుగుసార్లు.

ఫోను నిండిపోయింది. ఆ సాయంత్రం కల్లూరులో మా ఇంట్లో ఆ వీడియోలను కంప్యూటరులోకి మార్చాను. మార్చడమంటే కంప్యూటరులో రాసి ఫోనులో చెరిపేయడం. పని అయిపోయిందని తెర మీద వచ్చింది. అంతలో ఉరిమింది. ఉరిమితే మెయిన్ స్విచ్ తీసేయడం మా అత్తకు అలవాటు. ఇల్లంతా చీకటి.

“అత్తా, కంప్యూటరు నడుస్తాండాది!”

“నడిస్తే నడవనీ. పక్కింటోళ్ళ టీవీ ఎట్ల కాలిపోయిందో చూడలేదా? పిడుగుకు నీ ఇంజినీరింగు తెలుస్తాదా?”

మళ్ళీ స్విచ్ వేశాక చూస్తే నాలుగు పేర్లూ ఉన్నాయి. సైజులు కూడా ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోలేదు.

“ఈడనే ఉండాయి కదమ్మా” అని అత్త తెర మీద వేలు పెట్టి చూపించింది.

కాలేజీలో చదివిందే ఇదంతా. అయిపోయిందని చెప్పినా రాత వెంటనే డిస్కుకు చేరదు, కాసేపు మెమరీలోనే ఉంటుంది. కరెంటు పోతే అదీ పోతుంది. ఏ పేరుతో ఎంత ఫైలు ఉండాలో మాత్రం డిస్కు చిట్టా చూసుకునే ఫైల్ సిస్టమ్ ముందే విడిగా రాసి పెట్టుకుంటుంది, హఠాత్తుగా ఆగినా తాను కుప్పకూలకుండా. అది కాపాడుకునేది తన అమరికను. లోపలి బొమ్మలకు పూచీ లేదు. పరీక్షలో ఈ జవాబు బాగానే రాశాను. ఫోనులో చెరిపినవాటిని వెతకడానికి తెలిసినవన్నీ చేశాను. ఏదీ తిరిగి రాలేదు.

కర్నూలు వెళ్ళి వీడియోలు పోయాయని చెప్పాను. “సరే, ఈసారి వస్తే తీయండి” అన్నాడు డాక్టరు.

తిరిగొచ్చే ఆటోలో అత్త మెల్లగా, “ఆ పొద్దు నేను స్విచ్చి తీయకపోతే ఉండేవా?” అంది. నేను పాపను ఇంకో భుజానికి మార్చుకున్నాను. “పాపకు ఇంగ రాదులే. మొక్కుకున్నా” అని తనే పాపను ఒళ్ళోకి తీసుకుంది.

రాకూడదు. రాకపోతే డాక్టరుకు చూపించడానికి ఏమీ లేదు.

ఫోను ఖాళీ చేసి దిండు పక్కన పెట్టుకున్నాను. పాప కదిలినప్పుడల్లా నా చెయ్యి ముందు ఫోను మీదికే పోతోంది.